డబ్బా మీద పడవ బొమ్మ

"రాస్తున్నావా మనవరాలా? నీళ్ల స్కూటర్ ఇంజను పట్టేసింది మీ నాన్న తోలడం వల్ల కాదని రాయి."

"మరి దేనివల్ల తాతయ్యా?"

రేవు పక్క షెడ్డులో తాత ఆయిల్ డబ్బాని కాలితో మెల్లగా వెనక్కి నెట్టాడు.

"నేను తెచ్చి పోసిన ఆయిల్ వల్ల. కొట్లో రెండు రకాల టూస్ట్రోక్ ఆయిల్ చూపించారు. ఒకదాని మీద పడవ బొమ్మ ఉంది. మనదీ నీళ్ల మీద తిరిగేదే కదా అనుకున్నా."

"ఏదీ, ఇటివ్వు. 'పడవ ఇంజన్లకి మాత్రమే. నీళ్ల స్కూటర్లకి వాడరాదు.' ఇంతింత అక్షరాలున్నాయి కదా తాతయ్యా!"

"నాకు బొమ్మలే చదవడం వచ్చు తల్లీ."

"నాన్నని అడగొచ్చుగా?"

"మామగారినయ్యుండి అల్లుణ్ణి అడగడానికి నామోషీ అనిపించింది."

"అందుకని నిన్న అందరి ముందూ నాన్నని చేతకాని వెధవ అన్నావా?"

తాత ఆమె చేతిలోని కాగితం వైపు వేలు చూపించాడు.

"ఆ మాట కూడా రాయి."

"నాన్న రేవులోనే ఉన్నాడు. నువ్వే చెప్పకూడదూ?"

"నోరు పెగలదమ్మా. నువ్వే చదివి వినిపించు. చాటుగా కాదు, నిన్న ఎవరెవరు విన్నారో వాళ్లందరి ముందూ చదువు. నేను పక్కనే నుంచుంటా."