ఇంటిపేరుతో సహా

శ్రీలంకలో కురునేగల దాటిన తరువాత వచ్చే ఒక పల్లెలో, పెంకుటింటి అరుగు మీద హీన్ మెనికె తన భర్త పోయిన మూడో నెలకు భిక్షువులకు పెట్టే దానం కోసం పనసకాయ తరుగుతున్నది. ఆమెకు ఎదురుగా పాస్టర్ దానియేలు, పక్కన పడక కుర్చీలో ఆమె తమ్ముడు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు టికిరి బండా.

"మళ్ళీ పుట్టాలా? నేనా?"

"అవునవ్వా. ప్రభువులో మళ్ళీ పుట్టాలి. అప్పుడే నిత్యజీవం."

"తమ్ముడూ, విన్నావా? ఇక పుట్టే పని లేకుండా పోవాలని ఇన్నేళ్ళుగా ఆరామంలో పువ్వులు పెడుతున్నానా, ఈ పాస్టరు నన్ను మళ్ళీ పుట్టించి, ఈసారి చావు కూడా లేకుండా చేస్తాడట!"

"అక్కా, అతిథిని ఎగతాళి చేయరాదు. పాస్టరుగారూ, సందేహం తీర్చండి. ఆ నిత్యజీవంలో మోకాళ్ళు ఇవేనా, కొత్తవి ఇస్తారా?"

"కొత్త దేహమే మాస్టారూ. మహిమ దేహం."

"మా ఆయన కూడా ఉంటాడా నాయనా అక్కడ?"

"ఆయన నమ్మకుండానే పోయారు కదవ్వా. ఉండరు."

"ఉండడా? అయితే ఆలోచించదగ్గదే."

"అక్కా!"

"ఏం, తప్పన్నానా? నలభై ఏళ్ళు గురక విన్నదాన్ని నేను."

"అవ్వా, నవ్వులాట కాదు. ముందు మీ మోకాలికి ప్రార్థన చేస్తాను."

"చెయ్యి నాయనా. తైలం మాత్రం రాయకు, చీరకి మరక."

"ప్రభువా, ఈ తల్లి మోకాలిని నీ చేతితో తాకుము. ఈ నొప్పిని తీసివేయుము. ఆమెన్."

"సాధు! సాధు! సాధు!"

"పోయిన వారమే చెప్పాను కదవ్వా. 'ఆమెన్' అనాలి."

"అది నువ్వను. మంచిపని ఎవరు చేసినా, చూసి సంతోషించి సాధు అంటే అందులో మనకూ పుణ్యం. నువ్వు కళ్ళు మూసుకుని అంత కష్టపడ్డావు. నేను కత్తిపీట దిగకుండానే నా వాటా పట్టేశాను."

"నేను పుణ్యం కోసం చెయ్యలేదు!"

"మరీ మంచిది. అయితే నీ వాటా కూడా నాకే."

"పుణ్యం ఒకరి నుంచి ఒకరికి పోదవ్వా. ఎవరిది వారిదే."

"క్షమించాలి పాస్టరుగారూ. ఒక్కడు శిలువ మీద మరణిస్తే ఆ ఫలం లోకమంతటికీ దక్కిందని పోయిన వారం ఇక్కడే కూర్చుని సెలవిచ్చారు."

"అది వేరు మాస్టారూ."

"వేరే, వేరే. మీకు అందితే కృప, మాకు అందితే మూఢనమ్మకం. బోధపడింది. ఇంతకీ, దానియేలు మీ అమ్మగారు పెట్టిన పేరు కాదనుకుంటాను?"

"దయాసేన అని పెట్టింది. బాప్తిస్మంలో మార్చుకున్నాను."

"ఇంటిపేరు?"

"వదిలేశాను. క్రీస్తులో అందరమూ ఒకే ఇల్లు."

"అయ్యో! మరి తీర్పునాడు దేవుడు దానియేలూ అని పిలిస్తే ఎంతమంది లేచి నిలబడతారో!"

"నవ్వకు తమ్ముడూ. ఇంటిపేరుతో ఆటలు కావు. మీ బావ ఏడో రోజు దానంలో ఏమైంది? పుణ్యం ధారపోసేటప్పుడు ఆ చిన్న భిక్షువు ఇంటిపేరు మింగేసి ఒట్టి పుంచి బండా అన్నాడు. ఈ ఊళ్ళో చచ్చిన పుంచి బండాలు ముగ్గురు! ఆ పుణ్యమంతా వాళ్ళలో నాటుసారా కాచినవాడికి పోయింది."

"అతనికే పోయిందని మీకెలా తెలుసవ్వా?"

"ఆ మర్నాటి నుంచే వాడి కొడుకు కొట్టు కళకళ్ళాడుతోంది. ఇంకా ఏం రుజువు కావాలి? అందుకే రేపు పేరు నేనే చెబుతా, ఇంటిపేరుతో సహా. అన్నట్టు, మీ అమ్మ పోయిందన్నావు, వెసక్ పున్నమికి, బుద్ధుడి పండగకు ముందు?"

"మోకాలు ఇప్పుడెలా ఉందవ్వా?"

"మోకాలు నా దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు. అమ్మ సంగతి అడుగుతున్నా."

"పోయింది."

"నీ దేవుణ్ణి నమ్మిందా?"

"చెప్పానవ్వా. ఎన్నిసార్లు చెప్పానో. నవ్వేది. ఆదివారం పొద్దున్నే లేచి నాకు అన్నం పొట్లం కట్టి ప్రార్థనకు పంపేది. తను మాత్రం పున్నమికి తెల్లచీర కట్టుకుని ఆరామానికి."

"అయితే పాస్టరుగారూ, మీ బోధ ప్రకారం ఆవిడ ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు?"

"టీ బాగుందవ్వా. ఈ జీలుగు బెల్లం మీ ఇంట్లోదేనా?"

"అడిగినది బెల్లం గురించి కాదు."

"తీర్పు దేవునిది మాస్టారూ. మనం చెప్పకూడదు."

"ఓహో. ఇందాక మా బావ విషయంలో తీర్పు మీ జేబులోనే ఉన్నదే!"

"ఊరుకోరా! నువ్వు చెప్పు నాయనా. ఆమెకు దానం ఇచ్చారా?"

"చెల్లెలు ఇచ్చింది."

"పుణ్యం ధారపోసే నీళ్ళు ఎవరు పోశారు? పెద్దకొడుకువి నువ్వే కదూ?"

"మామయ్య పోశాడు. నేను... గేటు దగ్గర ఉన్నాను."

"గేటు దగ్గరా? వానల్లోనా?"

"గొడుగుంది. పాస్టరుని కదవ్వా, లోపలికెలా వెళ్ళను? సంఘం వాళ్ళు ఏమంటారు?"

"సరేలే. రేపు మేం కొమ్ముచెంబు వంచి గిన్నె నిండి పొర్లేదాకా నీళ్ళు పోస్తాం. మా ఆయన పేరు తరవాత మీ అమ్మ పేరు కూడా చెబుతా. ఇంకో పేరు కలిపితే మా ఆయనకేం తరిగిపోదు."

"వద్దవ్వా. నాకు నమ్మకం లేదు."

"నీకెవరు పోస్తున్నారు? నువ్వింకా బతికే ఉన్నావు. ఆమెకు."

"అయినా... మా విశ్వాసానికి విరుద్ధం."

"నా మోకాలి మీద నువ్వు ప్రార్థన చేస్తే నా విశ్వాసానికి ఏమైనా అయిందా? కాలు చాపుకుని కూర్చోలేదూ?"

"మీ ఇష్టం. నేను చెయ్యమన్నట్టు మాత్రం కాదు."

"అక్షరాలా కాదు. పాస్టరుగారు చెయ్యమనలేదు. నేనే సాక్షిని."

"వస్తాను మాస్టారూ. బస్సు వేళయింది."

"రేపు రా నాయనా, పాలబువ్వ తిందువు గాని."

"రేపు ప్రార్థన కూటం ఉందవ్వా."

"అయితే వెళ్ళిరా. తమ్ముడూ, నాకు మతిమరుపు, నువ్వు గుర్తుపెట్టుకో. మీ బావ తరవాత వీళ్ళమ్మ. పోయిన వారం పేరు చెప్పాడే, ఆఁ, కుసుమావతి."

"కుసుమావతి. సరే."

"అవ్వా..."

"ఏం నాయనా, మళ్ళీ వచ్చావు? గొడుగు మరిచావా?"

"కుసుమావతి కాదు. కుసుమలత."

"అలాగే, కుసుమలత అనే చెబుతాలే."

"ఒట్టి కుసుమలతలు చాలామంది ఉంటారవ్వా. విజేకోన్ ముదియన్సేలాగె కుసుమలత. మధ్యలో ఏదీ మింగేయకుండా... మొత్తం చెప్పండి."