చివరి నాలుగడుగులు

అరకు అతిథిగృహం పచ్చికలో ఆఫీసరుగారు గోల్ఫు సాధన చేస్తుంటే, పక్క రాగి మడిలో గొప్పుతో కలుపు తీస్తున్న ముసలమ్మ పని ఆపి చూసింది.

“ఏటి బాబూ, బంతి అంత దూరం ఒక్క దెబ్బకొచ్చీసి, కన్నం కాడ ఈ నాలుగడుగులకి ఆరు దెబ్బలా?”

“ఈ చివరి నాలుగడుగుల దగ్గరే మూడేళ్లుగా మా బావమరిది చేతిలో ఓడిపోతున్నానమ్మా. రేపు విశాఖలో మళ్లీ పోటీ.”

“కర్రని పీక నొక్కినట్టు ఒట్టుకున్నావు మరి. గొప్పుని అలా బిగిత్తే కలుపుతోపాటు సోడిమొక్కా ఎగిరిపోద్ది. సేతులొదులు సెయ్యి, దాని బరువుకి దాన్నొగ్గీ.”

ఆయన అలాగే కొట్టాడు. బంతి మెల్లగా దొర్లి కన్నంలో పడింది.

“పడిందమ్మా!”

“ఇంకోటి కొట్టు బాబూ.”

“అమ్మో, వద్దు! వచ్చిన చెయ్యి పోతుంది. రేపటిదాకా కర్ర ముట్టను.”

“బాగుంది! ఒక్క మొక్క సుట్టూ తవ్వీసి, సేనంతా అయిపోనాదన్నట్టుంది నీ యవ్వారం!”