గాలి తియ్యమన్నాడండీ

క్రేను పిలిచి ఎత్తించేస్తానంటారేంటండీ ఎస్సైగారూ? బెంజ్ సర్కిల్ నడిమధ్య ఆపానా! నేనాపలేదండీ, అదే ఆగింది. పంతొమ్మిదొందల ముప్ఫయ్యారు మోడల్ కారు, దానిష్టం దానిది.

వెనక సీట్లో పెళ్లికూతుర్ని చూశారా? నా మనవరాలు దీవెన. పదకొండింటికల్లా చర్చిలో ఉండాలి. ఈ హారన్లు కొట్టేవాళ్లకేం తెలుసు నా బాధ!

దీనికి మొదట్లో కడ్డీ బ్రేకులండీ. ఉయ్యూరులో తొక్కితే కంకిపాడులో ఆగేది. ఎద్దుబళ్లు, బస్సులు, ఓసారి మంత్రిగారి కాన్వాయి కూడా పక్కకి తప్పుకుంది! మా ఆవిడ శౌరమ్మ బతికున్నన్నాళ్లూ ఒళ్లో చెక్కముక్క పెట్టుకునే కూర్చుంది. నేను 'ఊఁ' అనగానే దూకి చక్రం కింద పెట్టాలి. పట్టుచీరతో సహా!

ఈ పిల్ల వింటుందా? "తాతయ్యా, బ్రేకులు మారిస్తే నీ కారు, లేదంటే క్యాబు" అంది. మూడు తరాల పెళ్లికూతుళ్లెక్కిన కారండీ! క్యాబా?

అంతే, ఆటోనగర్‌లో దిగా. ఈ చేతుల్తో హైడ్రాలిక్ బ్రేకులు బిగించా. ఆటోనగర్ మొత్తం రెంచీలు కింద పడేసి చూసింది... ఆఁ? ఏంటే దీవెనా? సరే, బిగించింది మెకానిక్ చక్రి. టార్చి పట్టింది నేను. టార్చి లేకుండా ఎలా బిగిస్తాడండీ?

ఇందాక ఇక్కడికి రాగానే పెడల్ తొక్కితే మెత్తగా దిగిపోయింది, ఇడ్లీపిండిలో కాలేసినట్టు. ప్రభువు సాక్షి, హ్యాండ్ బ్రేకు లాగి బస్సుకి వెంట్రుకవాసి దూరంలో ఆపా. చక్రికి ఫోన్ చేస్తే, "గాలి పట్టింది పెద్దాయనా. నాలుగు చక్రాల దగ్గరా గాలి తీసెయ్యండి. పిసరు కూడా ఉండకూడదు" అన్నాడు.

తీశా. నాలుగు టైర్లకీ. స్టెప్నీక్కూడా, పని శ్రద్ధగా చెయ్యాలి కదా అని.

నవ్వుతారేంటండీ? బ్రేకు పైపుల్లో గాలని వాడు విడమర్చి చెప్పద్దూ? అయినా తోసి చూడండి, అంగుళం కదులుతుందేమో! ఇంతకన్నా బ్రేకులేం కావాలి?

ఏంటీ, మీ జీపులో దించుతారా? చల్లగా ఉండు బాబూ! దిగమ్మా దీవెనా, కుచ్చిళ్లు జాగ్రత్త. ఆ పూలగుత్తి కిందేంటే?

మీ నాయనమ్మ చెక్కా! ఇందాకట్నించీ ఒళ్లోనే ఉందా?

చూశారా ఎస్సైగారూ? అయిదు టైర్ల గాలి నేను తీశా. నా గాలి ఇది తీసేసింది.