సముద్రం నాలుగా, ఏడా?

1988 జూలై పద్నాలుగో తేదీన వడమాలపేట నుంచి తొలి బస్సులో తిరుపతి చేరి, మన తాళపత్ర గ్రంథాలయంలో సహాయ పరిశోధకురాలిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి లోకేశ్వరి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సంస్కృతంలో పట్టభద్రులై వచ్చిన వారికి తొలి ఏళ్ళలో లభించిన పని తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాసి ఆరబెట్టడం. పెళుసెక్కిన ఆకు విప్పినప్పుడల్లా, నడివేసవిలో సైతం ఫ్యాను ఆపుకొని, కొంగుతో చెమట అద్దుకుంటూ చదివేవారు.

ఆ తరువాత గ్రంథ సేకరణకు ఊరూరా తిరిగారు. సత్యవేడులో దేవకమ్మ అనే వృద్ధురాలు అటక మీది కట్టను దించి, "మా మామ కాలం నాటిదమ్మా. సదివే దిక్కు లేదు. నువ్వన్నా సదువు" అని చేతుల్లో పెట్టింది. అందులో ఒక పద్యం, సముద్రం మింగిన ద్వారక ఆ కవి కాలానికి ఎన్నేళ్ళ క్రితం మునిగిందో చెబుతుంది. పూర్వకవులు అంకెలకు బదులు మాటలు వాడేవారు. చంద్రుడంటే ఒకటి, కన్నులంటే రెండు. ఈ పద్యంలో వేల స్థానంలో ఉన్న మాట సముద్రం. జ్యోతిష గణితంలో అది నాలుగు. సప్తసముద్రాల లెక్కన ఏడు. తేడా మూడు వేల ఏళ్ళు.

2016లో ఆ కట్టను ప్రదర్శనకు పెట్టినప్పుడు ప్రదర్శన సంఘం అధ్యక్షులు మోహన్‌కృష్ణ గారు బోర్డు మీద ఏడు వేలని రాయమన్నారు. విభాగాధిపతి పదవి ఖాళీగా ఉంది. సిఫారసు ఆయన చేతిలోనే ఉంది.

"ఏమ్మా, ఏడని రాస్తే నీ సొమ్మేం పోతాది?"

"ఆకు రాసినాయన యాడుండాడో చూపించండి సార్, అడిగొచ్చి రాస్తా."

"ఏది పెద్దదో అది రాయమ్మా! వయసు పెరిగితే గౌరవం."

"అట్లయితే నా సర్వీసు రిజిస్టర్లో ఓ పదేండ్లు కలపండి సార్. గౌరవంగా ఇంటికి పోతా."

గదిలో నవ్వులు వినబడ్డాయి. ఆయన మాత్రం నవ్వలేదు.

"ద్వారక మునిగిందనే నమ్మవా నువ్వు?"

"నమ్ముతా సార్, దినామూ దండం పెట్టుకుంటా. దండానికి తేదీ అక్కర్లేదు. బోర్డుకు కావల్ల."

బోర్డు మీద ఏడు వేలే పడింది. దాని కింద తన పేరు ఉండరాదని లోకేశ్వరి గారు స్వయంగా పట్టుబట్టి తీయించారు. పదవి మరొకరికి, చిత్తూరు శాఖకు బదిలీ లోకేశ్వరి గారికి దక్కాయి. పూతలపట్టు మీదుగా రోజూ బస్సులో తిరుగుతూనే, నాలుగుకూ ఏడుకూ ఉన్న ఆధారాలను పక్కపక్కన పెట్టి వ్యాసం రాశారు. ఆకు వయసు కొన్ని శతాబ్దాలే గనుక, అది కవి నమ్మకానికి సాక్ష్యమే తప్ప మునకకు కాదని తేల్చారు. సభల్లో "నాస్తికురాలు" అన్నవారికి ఆధారాలతోనే బదులిచ్చారు. అంతటి పోరులోనూ, భార్యను పోగొట్టుకున్న ఒక సహోద్యోగికి ఆ ఏడాది పొడవునా వారింటి నుంచి టిఫిను డబ్బా అందుతూనే ఉండేది. పరామర్శ మాటలతో ఆయనను ఎన్నడూ విసిగించలేదు.

తిరిగి తిరుపతికి వచ్చాక, గ్రంథాలయ శాశ్వత సూచిక కూర్పు వారికే అప్పగించారు. గత నెల సహచరుడు మునికుమార్ పైవారి కబురు మోసుకొచ్చారు: సూచికలో ఏడని దిద్దితే చాలు, విభాగాధిపతి హోదాతో విరమించవచ్చు.

"ఒప్పుకో అక్కా. ఎవురు చూడొచ్చినారు?"

"ఆ కుర్చీలో ఒక నెల కూసునేదానికి మూడు వేల ఏండ్లు కొనుక్కోమంటావా అబ్బా? పోయి చెప్పు, కుర్చీ నాకొద్దు."

సూచిక అచ్చుకు వెళ్ళింది. ద్వారక పద్యం ఎదుట "నాలుగు వేలో, ఏడు వేలో, నిర్ణయం కాలేదు" అనే వాక్యం లోకేశ్వరి గారి సంతకంతో, వట్టి పరిశోధకురాలి హోదాతో నిలిచింది. మన గ్రంథాలయ పత్రిక ఈ సంచికలోనైనా వారిని "ఏడు వేల ఏళ్ళ చరిత్రను వెలికితీసిన విదుషీమణి"గా కీర్తించాలని పైనుంచి సూచన వచ్చింది. సంపాదకవర్గంలోని వారందరూ సంతకాలు చేసి ఆ సూచనను తిప్పి పంపారు. పర్యవసానం ఏదైనా భరించడానికి సిద్ధంగా ఉన్నారు.

లోకేశ్వరి గారు కంటిచూపు తగ్గక, గొంతు తగ్గించక, ఆరోగ్యంతో చిరకాలం జీవించి, కాదనేవారితో తనివితీరా వాదించాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఎన్నేళ్ళని అంకె వేసే సాహసం మాత్రం, ఆవిడ చదువుతారని తెలిసి, ఇక్కడ ఎవరూ చేయడం లేదు.