కాసిమాలి దిద్దిన రాజ్యాంగం

బురుల్‌చా టీ కొట్టు అరుగు మీద ఆ మధ్యాహ్నం ఊరి పెద్దలంతా చేరారు. కొత్త రాజ్యాంగం ముసాయిదా మీద జిల్లా కేంద్రంలో సభ పెట్టారు. మేత భూములు ఎవరూ అమ్మకూడదన్న ముక్క అందులో చేర్చమని ఊరి తరఫున ఒకరు వెళ్లి అడగాలి. ఆ ఒకరు తానే కావాలని కాసిమాలి ప్రాణం కొట్టుకుంటోంది. బతుకంతా గొర్రెల వెనక నడిచినవాడు, ఒక్కసారైనా ముందు వరసలో కూర్చోవాలని ఆశ. నోరు తెరిచి అడిగితే చులకనైపోతాడు. వాళ్లంతట వాళ్లే బతిమాలాలి. దానికి పెట్టుబడిగా అతని దగ్గరున్నది నోరొక్కటే.

అందుకని చాలా అణకువగా మొదలుపెట్టాడు.

"రాజ్యాంగమా? కిందటిసారి నేనేదో ఒక్క మాట దిద్దాను, అంతకంటే ఏం లేదు" అన్నాడు, టీ గిన్నె ఊదుకుంటూ.

లారీ నడిపే తొలోన్ వెంటనే దగ్గరికి జరిగాడు. "ఏం మాట బాబాయ్?"

ఇంకేముంది, తాడు తెగింది. ఉన్ని అమ్ముకుందామని రాజధాని బిష్కెక్ వెళ్లాడట. పెద్ద భవనం మెట్ల మీద పండితులు తలలు పట్టుకుని కూర్చున్నారట. దేశమంటే ఏమిటో మొదటి పేజీలో రాయాలి, రావడం లేదు. ఒకడు నేల అంటాడు, ఒకడు జనం అంటాడు, ఇంకొకడు ప్రభుత్వం అంటాడు, చొక్కాలు చింపుకునేదాకా వచ్చింది. కాసిమాలి ఉన్ని మూట దించి అడిగాడట: నేలొక్కటే చాలితే తోడేళ్లకీ దేశం ఉన్నట్టే కదా? జనమొక్కటే చాలితే ప్రతి పెళ్లిపందిరీ దేశమే కదా? ప్రభుత్వమొక్కటే అంటారా, అవి ఉత్త కుర్చీలు. మూడూ కలిపి ఒక తాడుతో కట్టండి అన్నాడట.

"కట్టాక కూడా చాలదన్నాను. మనం గుడారం వేసుకున్నాం సరే, పక్క గుడారం వాడొచ్చి గుమ్మం బయట సలాం చెప్పాలా వద్దా? చెబితేనే అది కాపురం. దేశమూ అంతే, పక్క దేశం వాడు పలకరించాలి అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలీదని అందరూ ఒప్పుకున్నారు. పండితులు అతని బూట్లు పట్టుకున్నారట, మిగతా పుస్తకం కూడా నువ్వే సవరించమని. సవరణంటే ఏమిటో వాళ్లకి తనే నేర్పాడట. గుడారం లోపల జనం నిద్రపోతూ ఉండాలి, మనం పుచ్చిన వాసం లాగేసి కొత్తది దూర్చాలి, ఒక్కరికీ మెలకువ రాకూడదు. వాసాలన్నీ వచ్చి కలిసే ఆ నడినెత్తి చక్రం ఉంది చూశారూ, దాని జోలికి మాత్రం పోకూడదు. దాన్ని కదిపితే అది సవరణ కాదు, కూల్చడం.

ఈ మాటకి పెద్దాయన ఓరొజ్‌బాయ్ కూడా గడ్డం నిమురుకున్నాడు. అబద్ధంలో ఇంత తెలివెక్కడిదిరా వీడికి అనుకున్నట్టుంది.

కాసిమాలికి ఊపొచ్చింది. ఆ సవరణ నెగ్గాలంటే దేశపు పెద్ద సభలో మూడింట రెండు వంతులు చేతులెత్తాలి, ఒక్క చెయ్యి తక్కువైంది. ఆ చెయ్యిగల సభ్యుడు కనుమలో మంచులో చిక్కుకున్నాడు. కాసిమాలి గుర్రమేసుకుని వెళ్లాడు. వచ్చేటప్పుడు గుర్రం అలిసిపోతే దాన్నొక భుజాన, సభ్యుణ్ని ఒక భుజాన వేసుకుని దిగాడు.

"సభ్యుడు బరువా, గుర్రం బరువా?" అన్నాడు తొలోన్.

"సభ్యుడేరా. తిన్న మనిషి కదా."

ఆ తర్వాత దేశమంతా ఓటు. లెక్కపెడితే అవుననీ కాదనీ సరిసమానం. ఇక మిగిలింది కాసిమాలి ఒక్కడే. కొండ మీద మేత దగ్గరికి హెలికాప్టరొచ్చింది. ఆడగుర్రం పాలు పితకడం అయ్యేదాకా దాన్ని గాల్లోనే ఆపాడు. అతను చీటీ పెట్టెలో వేసిన చప్పుడుకి సరిహద్దు కొండలు ఉలిక్కిపడి, జరిగి, తమ తమ చోట్లలో సర్దుకుని కూర్చున్నాయి. పొద్దున లేచేసరికి ప్రపంచంలోని రాయబారులంతా గుమ్మంలో సలాం చెప్పడానికి బారులు తీరారు, గొప్ప అతిథికి మర్యాదగా పెట్టే ఉడికించిన గొర్రె తల తలా ఒకటి పట్టుకుని.

అరుగు ఘొల్లుమంది. ఓరొజ్‌బాయ్ కళ్లు తుడుచుకుని, "వీణ్నే పంపుదాం. నిజమో అబద్ధమో గానీ, జిల్లావాళ్లని కుర్చీల్లోంచి లేవనివ్వడు" అన్నాడు. అందరూ తలలూపారు.

కాసిమాలి గుండె గంతులేసింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపడం చేతకాక, "నా ఒక్క ఓటు పడకపోతే మీకీ దేశమే లేదు" అనేశాడు.

బురుల్‌చా కెటిల్ కింద పెట్టింది. ఆవిడ కాసిమాలికి వియ్యపురాలు, కూతుర్ని అతని కొడుక్కే ఇచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ ఓటుకి ఏ పాస్‌పోర్టు చూపించారు?"

"ఏ పాస్‌పోర్టేమిటి... నాదే."

"ఎర్రదేగా? సుత్తీ కొడవలీ ఉన్నది. పిల్లల పెళ్లి రిజిస్ట్రేషన్‌కి తెచ్చారు, చూశాను. ఆ దేశం ఎప్పుడో పోయింది. ఓటు రోజు బళ్లో చీటీలిచ్చింది మా ఆయనే. మీకివ్వలేదు. మీరు బయట గుర్రాలు కట్టే చోట కూర్చుని, అవునని వేశారా కాదని వేశారా అని వచ్చేపోయేవాళ్లని అడిగారు."

నిజమే. పాత దేశం విడిపోయినప్పుడు కాసిమాలి కొండ మీద గొర్రెల దగ్గరున్నాడు. దిగొచ్చాక అందరూ పాస్‌పోర్టులు మార్చుకుంటుంటే, ఫొటోలో మొహం నాదేగా, దీనికేమొచ్చింది అన్నాడు. తర్వాత ఆలస్యమైంది, ఆ తర్వాత సిగ్గేసింది. ప్రతి ఓటు రోజూ తెల్ల టోపీ పెట్టుకుని బడిదాకా వచ్చి, బయటే కూర్చుని వెళ్లేవాడు. ఎవరూ గమనించలేదనుకున్నాడు.

"అయితే వీణ్ని సభ గుమ్మంలోనే ఆపేస్తారు" అన్నాడు ఓరొజ్‌బాయ్ నిరాశగా.

"ముందు మీరు దేశంలోకి రండి అన్నయ్యగారూ, తర్వాత తీరిగ్గా మారుద్దురు గాని" అంది బురుల్‌చా.

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. వెళ్లే పని తొలోన్ మీద పెట్టి పెద్దలు ఒక్కొక్కరే లేచారు. కాసిమాలి మాత్రం కదల్లేదు. అరుగు ఖాళీ అయ్యాక, గిన్నెలు తీస్తున్న వియ్యపురాలితో, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పాస్‌పోర్టు ఆఫీసు పొద్దున ఎన్నింటికి తీస్తారు చెల్లెమ్మా?"