సైట్ల కూసున్న ఇంకో గౌహర్

గదే సారు, నేను గౌహర్‌నే. ఆధార్ సూపెట్టిన గద. మరి ఆ వెబ్‌సైట్ల కూసున్న గౌహర్ ఎవరని నన్నడిగితే నేనేం జెప్త? గది తెలుస్తదనే బోధన్‌ల పొద్దుగాల్నే బస్సెక్కి మీ సైబర్ పోలీసు ఆఫీసుకొచ్చిన.

సంబంధాలు సూస్త సారు. మా ముసల్మాన్ల ఇండ్లల్ల పిల్ల ఫోటో బయటికియ్యరు. సంచిల పెట్టుకపోయి పిలగాని తల్లికి సూపిస్త, ఆమె చాయ్ తాగేలోపట మల్ల సంచిల ఏసుకుంట. ఎవరింట్ల ఒక్క ఫోటో ఇడిసిపెట్టి రాలే.

మోకాళ్లు పోయినయి, ఇండ్లు తిరగొస్తలేదు. మా బోధన్‌ల కంప్యూటర్ దుకాణం రాజశేఖర్ లేడా, మంచోడే, తల్లులు ఇంట్ల కూసోనే నాకు రాసేటట్టు సైట్ పెట్టిచ్చిండు. ఆపా, అంటే అక్కా, నువ్వు ఒప్పుకున్నోళ్లే లోపటికొస్తరన్నడు. ఆ తాళం ఆయన జేసింది గాదట. ఎవరో జేసి పెట్టింది తెచ్చి బిగిచ్చిండట, ప్లగిన్ అంటరట. దాంట్ల లొసుగుందట సారు. పాస్‌వర్డ్ లేకున్నా ఎవడన్న నా లెక్క లోపటికి రావచ్చట. జేసినోళ్లు దాన్ని సదిరి, అప్‌డేట్ ఒత్తుండ్రని పంపిండ్రట.

వచ్చింది, ఎందుకు రాలే? సైట్ తెరిసినప్పుడల్ల ఎర్రగ వచ్చేది, ఈడ ఒత్తు అని. నేను ఒత్తలే. మా మహిళా సంఘం మీటింగుకు ఎవరో మేడం వచ్చి జెప్పింది, తెల్వనిది ఏదొచ్చినా ఒత్తకుండ్రి, మోసమని. గల్లీల ఆడోళ్లకు దాన్ని ఉర్దూల మల్ల జెప్పింది నేనే.

రాజశేఖర్‌ను అడగకపోయినవా అంటరా? మోసమని ఎరికయినంక ఇంకేమడుగుత సారు.

ఇప్పుడు వాడెవడో నా పాస్‌వర్డ్ మార్చి నన్నే బయటికి నూకిండు. నా పేరు మీద తల్లులకు రాస్తుండు. పిలగానోళ్లు అడుగుతుండ్రు, దుపట్టా లేకుండ ఒక ఫోటో పంపు, నేను సూసి తీసేస్త అని. రిదా అని నేను సంబంధం సూస్తున్న పిల్ల, వాళ్లమ్మ పంపిందట. అడిగింది నేనే అనుకున్నది, పంపకేం జేస్తది? నిన్న వచ్చి నా గడపల నిలబడి ఏడ్సింది. లోపటికి రమ్మంటే రాలే.

అందరికి ఫోన్ జేసి జెప్పు అంటరు. నంబర్లన్ని ఆ సైట్లనే ఉండె సారు. యాదికున్న ఇండ్లకు కుంటుకుంట పోయి జెప్పిన. మిగిలినోళ్లకు ఎట్ల జెప్పాలె?

ఒక్క నిమిషం సారు, ఫోనొస్తుంది.

హా, బోలో బీబీ... కబ్?... హా. హా. అచ్ఛా ఆయా.

మీకు ఉర్దూ రాదా సారు? తూబా అని ఒక పిల్లుంది, వాళ్లమ్మ. పొద్దుగాల నేనడిగితే ఫోటో పంపిందట. నేను పొద్దటిసంది మీ బెంచీ మీదనే ఉంటి గద.

ఫోటోల పిల్ల మంచిగ వడ్డదా ఆపా అని అడిగింది.

మంచిగ వడ్డదన్న సారు. గదే వచ్చింది నోట్లకెల్లి.