ఓడాయన ముక్కు పరీక్షలు

మా టీ కొట్టు పక్క గదిలో ఇస్త్రీ షాపు ఉంది. ఆ షాపాయన్ని వీధిలో అందరం ఓడాయన అంటాం. పెద్ద క్రూజ్ షిప్పులో లాండ్రీకి హెడ్డుగా చేశానని ఆయనే చెప్పాడు. ఎన్నేళ్లు చేశారంటే ఒకసారి మూడంటాడు, ఒకసారి పదకొండంటాడు. మేమెవరం పట్టుబట్టం. చొక్కా మడత ఆయన పెట్టినట్టు ఇంకొకరు పెట్టలేరు, టీ చల్లారినా విసుక్కోడు, ఇక ఓడ సంగతంటారా, అది మాకు కాలక్షేపం.

మొన్న బుధవారం పొద్దున పదకొండప్పుడు టైలరు బాబాయ్, పిన్ని కలిసి వచ్చారు. ముప్పై ఏళ్లుగా అందరి పెళ్లిబట్టలూ కుడుతున్నారు ఇద్దరూ. వాళ్ల పెళ్లికే ముప్పై ఏళ్లు నిండాయని, మొదటిసారి షాపుకి నాలుగు రోజులు తాళం వేసి క్రూజ్‌కి టికెట్లు తీసుకున్నారు. ఓడ ఎక్కేది మర్నాడు మధ్యాహ్నమే. పిన్ని చేతిలో మూడు కాగితాలున్నాయి. ఎక్కేముందు రెండు రోజుల్లోపు చేయించిన పరీక్ష రిపోర్టు కావాలని మొదటిది. కాదు, ఒక్క రోజులోపుది కావాలని రెండోది. ఆ పొద్దునే వచ్చిన మూడోదాంట్లో 'నిబంధనలు మారినవి, గమనించగలరు' అని ఉంది గానీ, ఏం మారాయో లేదు. తేడా వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారని ఎవరో చెప్పారట, పిన్నికి నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు.

"ఓడలో పనిచేసినాయన పక్కనే ఉండగా ఇంకెవర్ని అడుగుతాం?" అన్నాడు బాబాయ్.

ఓడాయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. సైకిల్ షాపు తమ్ముడు అప్పటికే అక్కడున్నాడు. టీ ఇచ్చాను.

"రూల్సా? బావా, నన్ను అడుగుతున్నది రూల్సు గురించేనా? ఆ రూల్సు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, అడిగారు కాబట్టి చెబుతున్నా. ఆ జబ్బు రోజుల్లో ఒకనాడు మా ఓడ బయల్దేరాలి. జనం హార్బరు గేటు దాకా లైను కట్టారు. ఓడ డాక్టరు ఒక్కడే ఉన్నాడు పాపం, అసిస్టెంటు రాలేదు. నేను దుప్పట్ల బండి తోసుకుంటూ అటుగా పోతున్నాను. 'కాస్త ఈ పుల్లల ట్రే పట్టుకుంటావా' అన్నాడు. పట్టుకున్నాను. అంతే, నేను చేసింది అంతే."

"అంతేనా మామా?" అన్నాడు సైకిల్ షాపు తమ్ముడు, మోసపోయినట్టు.

"అంతే. నలభయ్యో మనిషి దాకా అంతే. అక్కడికి డాక్టరు చెయ్యి పట్టేసింది. ముక్కులో పుల్ల తిప్పడం మాటలు కాదు, మణికట్టులో ఉండాలి పని. ఇస్త్రీ చేసేవాడి మణికట్టు ఎలా ఉంటుంది? సిల్కు మీద పెట్టె జారినట్టు ఉంటుంది. పుల్ల నేను తీసుకున్నాను. ఒక్కళ్లకి తుమ్ము రాలేదు, ఒక్కళ్లకి కంట్లో నీళ్లు రాలేదు. ఒక ముసలావిడ నేను పుల్ల తిప్పుతుండగానే నిద్రపోయింది. మధ్యాహ్నం భోజనంలోపు రెండు వేల ఎనిమిదొందల మందికి చేశాను."

"ఓడ ఎక్కేవాళ్లు మొత్తం ఎంతమంది?" అన్నాను నేను.

"రెండు వేల రెండొందలు."

"మరి మిగతా ఆరొందలు?"

"హాయిగా ఉందని కొంతమంది రెండోసారి వచ్చారమ్మాయ్. వద్దని ఎలా అంటాం?"

బాబాయ్ కాగితాలు ముందుకు జరిపాడు. "బావా, మరి మాకు ఒక రోజుదా, రెండు రోజులదా?"

"అక్కడికే వస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మైకులో చెప్పారు, రెండు రోజుల రిపోర్టు ఇక చెల్లదు, ఒక రోజుదే కావాలి అని. లైనంతా వెనక్కి తిరిగింది. గేటు దగ్గర ఉన్నవాడు మొదటివాడయ్యాడు, మొదటివాడు చివరికి పోయాడు. వాళ్లు సర్దుకునేలోపు మళ్లీ మైకు, టీకా వేసుకున్నవాళ్లకి మూడు రోజులదైనా చాలు. మళ్లీ తిరిగారు. టీకా ఒకటే వేసుకున్నవాళ్లు? పక్కకి తిరిగారు. రూలు ఎంత వేగంగా మారేదంటే, ప్రింటరులోంచి కాగితం బయటికి వచ్చేలోపు పాతబడిపోయేది. పై సగం పాత రూలు, కింది సగం కొత్త రూలు. పై సగం ప్రకారం మనిషి ఎక్కొచ్చు, కింది సగం ప్రకారం దిగాలి. అలా నూట పదిమంది మెట్ల మీదే నాలుగు రోజులు ఎక్కుతూ దిగుతూ ఉండిపోయారు. వాళ్ల బట్టలు మెట్ల మీదే విప్పించుకుని, ఉతికి, ఇస్త్రీ చేసి, మెట్ల మీదే ఇచ్చాను. ఒక్క గుండీ ఊడలేదు."

"మెట్ల మీద విప్పారా?" అన్నాడు బాబాయ్. బట్టల సంగతి వస్తే ఆయన వదలడు.

"దుప్పట్లు అడ్డం పట్టించాను బావా, అంత తెలియనివాణ్ణా? ఆ చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటేనే నాకో సంగతి తెలిసింది. జబ్బున్న మనిషి కాలరు మీద పెట్టె పెడితే ఆవిరి ఎడమ వైపుకి పోతుంది. లేని మనిషిదైతే నిటారుగా లేస్తుంది. డాక్టరుకి చెప్పాను. నమ్మలేదు. రెండొందల చొక్కాలు వరసగా చేసి చూపించాను, ఒక్కటి తప్పలేదు. దాంతో మళ్లీ మైకులో చెప్పారు. మనుషులకి పరీక్ష అక్కర్లేదు, చొక్కాలకి చేయిస్తే చాలు అని."

పిన్ని మొహంలో ఆశ పుట్టింది. "అయితే ఇప్పుడు చొక్కా తీసుకెళితే సరిపోతుందా అన్నయ్యా?"

"ఆ రూలు పావుగంటే ఉంది చెల్లెమ్మా."

పిన్ని కాగితాలు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"ఎలాగో బయల్దేరాం. అసలు కథ ఇప్పుడు మొదలు. మర్నాడు పొద్దున పది గంటలకి కెప్టెను నుంచి నాకు కబురొచ్చింది. వెళ్లాను. మనిషి చెమటలు కక్కుతున్నాడు. ముందున్న రేవువాళ్లు రూలు మార్చారు, ఇరవై నాలుగు గంటలు దాటిన రిపోర్టు ఒక్కటి ఉన్నా ఓడని రానివ్వరట. మా రిపోర్టులన్నిటికీ ఇరవై నాలుగు గంటలు పదిన్నరకి నిండుతాయి. రేవుకి ఇంకా మూడు రోజుల దూరం. 'ఏం చేద్దాం?' అన్నాడు. నేనన్నాను, సార్, ఓడని పడమరకి తిప్పండి. పడమరకి పోయేకొద్దీ గడియారం ఒక్కో గంట వెనక్కి పెట్టుకోవాలి కదా? గంటకో గంట వెనక్కి పోయే స్పీడులో పోనివ్వండి, పదిన్నర ఎలా అవుతుందో నేనూ చూస్తాను అన్నాను."

సైకిల్ షాపు తమ్ముడు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అంత స్పీడు విమానానికి కూడా ఉండదు మామా."

"విమానానికి ఉండదు. దానికి ఇంజన్లు రెండో నాలుగో ఉంటాయి. మేం లాండ్రీ మిషన్లు ముప్పై ఆరూ ఓడని తోసే ఫ్యాను ఇరుసుకి తగిలించాం. పదకొండు రోజులు ప్రయాణం చేశాం, పదకొండు రోజులూ పొద్దున పదే. వంటవాళ్లు టిఫినే పెట్టారు, మధ్యాహ్నం భోజనం మొహం ఎవరూ చూడలేదు. ఒక పెద్దాయన మర్నాడు అరవై నిండుతాయనగా ఎక్కాడు. ఆయనకి ఇప్పటికీ నిండలేదు. మొన్న ఫోన్ చేశాడు, గొంతు నిక్షేపంలా ఉంది."

"బావా," అన్నాడు బాబాయ్, ఈసారి కాస్త నీరసంగా, "మాకు ఎక్కేది రేపే."

"అక్కడికే వస్తున్నానంటే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పిన్ని బల్ల మీద నుంచి లేచింది. మూడు కాగితాలూ సంచిలో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అటూ ఇటూ చూసి రోడ్డు దాటింది. మా కొట్టుకి ఎదురుగానే క్లినిక్ ఉంది, అక్కడ ఈ పరీక్షలు చేస్తారు. ఓడాయన గమనించలేదు. ఆయన కళ్లు అప్పటికి నడిసముద్రంలో ఉన్నాయి.

"రేవు కనపడింది. రేవు ఆఫీసరు పడవలో ఎదురొచ్చి, కొత్త రూలు చదివాడు. ఓడతో పాటు ప్రయాణం చేసిన ప్రతి ప్రాణికీ పరీక్ష కావాలట. నేను సరేనన్నాను, వంటగదిలో పిల్లి ఉంది, దానికి చేశాను. 'మరి అది?' అని వేలు పెట్టి చూపించాడు. వెనక్కి తిరిగి చూద్దును కదా, తిమింగలం! పదకొండు రోజులుగా మా సబ్బు నురగ కోసం వెంటపడి వస్తోంది. దాని ముక్కు ఎక్కడుంటుందో తెలుసా? నెత్తి మీద. పుల్ల ఏం చాలుతుంది? డెక్కు తుడిచే పొడుగు కర్రకి రెండు డబుల్ దుప్పట్లు చుట్టి, దాని వీపు మీదకి దిగాను. కదలలేదు పాపం. నా మణికట్టు సంగతి చెప్పాను కదా."

"రిజల్టు?" అన్నాను నేను, గ్లాసులు కడుగుతూ.

"నెగెటివ్. కానీ కాగితం దేనికి పెట్టాలి? దానికి జేబులుంటాయా? లామినేషను చేయించి, తోకకి కట్టి పంపాను. ఆ కాగితం చూపించి అది ఎన్ని రేవులు తిరిగిందో. అక్కడితో ఆఫీసరు ఊరుకుంటాడా? 'ఇవన్నీ తిరిగిన నీళ్ల సంగతేంటి?' అన్నాడు. సముద్రానికే పరీక్ష చేయమన్నాడు. బకెట్టు ముంచి చేశాను బావా. దాచేదేముంది, పాజిటివ్ వచ్చింది. రూలు రూలే. పద్నాలుగు రోజులు సముద్రాన్ని ఎవర్నీ కలవనివ్వలేదు. ఆ పద్నాలుగు రోజులూ ఒక్క అల కూడా ఒడ్డుకి రాలేదు. దూరంగా నిలబడి చూసి వెనక్కి పోయేవి."

 సైకిల్ షాపు తమ్ముడు టీ గ్లాసు నోటి దాకా తెచ్చి మర్చిపోయాడు. ఆ మాటకి నేను కూడా గ్లాసు కింద పెట్టేశాను. అబద్ధమే. కానీ అలలు అలా దూరంగా నిలబడి ఉండటం నాకు కనిపించింది.

అప్పుడే పిన్ని రోడ్డు దాటి వచ్చింది. పక్కన తెల్ల కోటులో నర్సమ్మ ఉంది. ఆవిడ ఈ నెలే మా వీధి క్లినిక్‌కి మారి వచ్చింది, అంతకుముందు హార్బరు దగ్గర పరీక్షలు చేసే చోట ఉండేదట. టీ తాగడానికి మా కొట్టుకి రావడం అదే మొదలు.

"అడిగేశానండీ," అంది పిన్ని బాబాయ్‌తో, ఒక్క ఊపిరిలో. "ఒక రోజుదీ వద్దు, రెండు రోజులదీ వద్దు. సోమవారం నుంచి పరీక్షే తీసేశారట! ఈ నర్సమ్మ ఓడ ఆఫీసుకి ఫోన్ చేసి మరీ కనుక్కుంది. జ్వరం, దగ్గు లేవని గేటు దగ్గర సంతకం పెడితే చాలట. లేవండి, ఇంకా పెట్టె సర్దలేదు."

బాబాయ్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నేను నర్సమ్మకి టీ అందించాను. ఆవిడ గ్లాసు తీసుకుని బల్ల వైపు తిరిగింది. ఓడాయన్ని చూసి ఆగిపోయింది.

"అరె, మీరా!" అంది. మొహం విప్పారింది. "గుర్తుపట్టారా? హార్బరు దగ్గర నేనే మీకు పరీక్ష చేశాను. ఓడలో లాండ్రీ ఉద్యోగం వచ్చిందని బెల్టు కట్టిన పెట్టె పట్టుకుని వచ్చారు. మీ రిపోర్టు రెండు రోజులది, ఆ పొద్దునే ఒక రోజుది కావాలని మార్చారు. మళ్లీ చేశాం. కాగితం చేతికి రాగానే చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తారు. చాలా రోజులు అనుకున్నానండీ, పాపం ఆయనకి ఓడ అందిందో లేదో అని. ఇంతకీ అందిందా?"

ఆవిడ నిజంగానే అడిగింది. ఆ మొహంలో వెటకారం పూచికపుల్లంత కూడా లేదు.

సైకిల్ షాపు తమ్ముడికి నవ్వు రాబోయింది. నేను చూసిన చూపుకి టీలోకి తల దించేసుకున్నాడు.

ఓడాయన గ్లాసు అడుగు చూసుకున్నాడు. ఏదో ఒకటి అంటాడనే అనుకున్నాను. ఓడ నా కోసం ఆగిందనో, ఈదుకుంటూ వెళ్లి పట్టుకున్నాననో. అనలేదు.

"లేదమ్మా," అన్నాడు. "నేను వెళ్లేసరికి ఓడ తాళ్లు విప్పేశారు. రిపోర్టు మాత్రం సరిగ్గానే ఉంది."

"అయ్యో. తర్వాత ఇంకో ఓడకి పిలవలేదా?"

"పిలుస్తామన్నారు."

నర్సమ్మ టీ తాగి, డ్యూటీ ఉందని వెళ్లిపోయింది. బాబాయ్ పిన్ని సంచిలోంచి కాగితాలు తీసి ఊరికే మడతలు పెట్టి విప్పుతున్నాడు. ఓడాయన లేచి షాపు వైపు రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. పిన్ని దగ్గర నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు గానీ అందరికీ వినపడుతూనే ఉంది.

"చెల్లెమ్మా, ఎక్కడో కింది అంతస్తులో లాండ్రీ ఉంటుందంటారు. వీలైతే ఎవర్నైనా అడిగి ఒక్కసారి చూసి రండి. ఎంత పెద్దదో, కిటికీ ఉంటుందో లేదో. ఇస్త్రీ చేసే మనిషి నిలబడితే నీళ్లు కనపడతాయో లేదో."

పిన్ని ఆయన వంక చూసింది. సంచి భుజానికి తగిలించుకుంది.

"చూసొస్తానన్నయ్యా. నాకు మాత్రం చూసింది చూసినట్టు చెప్పడమే వచ్చు," అంది. "మిగతాది మీరు కలుపుకోండి."